కారు మీద చిన్న గీతలు, ఊడిన పెచ్చులు ఇంట్లోనే సరిచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు కొత్తగా కారు కొన్నవాళ్లు, సెకండ్ హ్యాండ్ బండి తీసుకున్నవాళ్లు అడిగే సందేహాలు ఇంచుమించు ఒకటే. గీత ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి "ఇది పోతుందా మాస్టారూ?" అంటారు. ఫొటోలో లోతు తెలియదు, అందుకని జవాబు చెప్పేలోగా నాలుగు ఎదురు ప్రశ్నలు వెయ్యాల్సొస్తుంది. మళ్లీ మళ్లీ వచ్చే ఆ సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

ఒక్క మాట మాత్రం అందరికీ. తలుపు నిండా తెల్లగా కనిపించే గీతకు జనం కంగారుపడతారు, బోనెట్ అంచున గింజంత ఊడిన పెచ్చును పట్టించుకోరు. తొందరపడాల్సింది ఆ రెండోదానికే. తెల్ల గీత ఏడాది ఆగినా అలాగే ఉంటుంది. రేకు బయటపడిన పెచ్చు మన సముద్రపు గాలికి ఒక్క వానాకాలంలోనే తుప్పు పడుతుంది.

## చెయ్యి వేసే ముందు

గీత పైపైనే ఉందా, లోతుగా దిగిందా? ఇంట్లో ఎలా తెలుస్తుంది?

ముందు ఆ చోటు షాంపూ నీళ్లతో కడిగి తుడవండి. చాలాసార్లు గీత అనుకున్నది మట్టి చార అయి ఉంటుంది. తర్వాత గీత మీద కాసిన్ని నీళ్లు చల్లండి. తడిగా ఉన్నప్పుడు మాయమై, ఆరాక మళ్లీ కనిపిస్తే అది పై పొరలోనే ఉంది, రుద్దితే దాదాపు పోతుంది. తడిలోనూ కనిపిస్తుంటే గోటిని గీతకు అడ్డంగా మెల్లగా జరపండి. గోరు తట్టుకుంటే పాలిష్‌తో పూర్తిగా పోదు. చివరగా గీత అడుగున ఏ రంగు కనిపిస్తోందో చూడండి. కారు రంగే కనిపిస్తే పరవాలేదు. బూడిద రంగో, తెలుపో వేరే పూత కనిపిస్తే ప్రైమర్ (అసలు రంగు కింద వేసే పూత) దాకా వెళ్లింది. లోహం మెరుస్తున్నా, గోధుమరంగు చుక్క ఉన్నా రేకు దాకా వెళ్లినట్టే. తెల్ల కారు మీద ఈ తేడా పగలు సరిగా తెలియదు. సాయంత్రం నీడలో సెల్‌ఫోన్ లైటు పక్కవాటుగా వేసి చూడండి.

అసలు కారు మీద రంగు ఎంత మందం ఉంటుంది? ఎంత రుద్దితే ప్రమాదం?

రేకు మీద ముందు తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, తర్వాత అసలు రంగు (బేస్ కోట్ అంటారు), అన్నిటికీ పైన పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్. కంపెనీ నుంచి వచ్చిన కారు మీద ఇవన్నీ కలిపినా సుమారు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లకు అటూ ఇటూ. ఎండను తట్టుకునేదీ, మెరుపునిచ్చేదీ ఆ పొరే. కాంపౌండ్ (గీతలు పోవడానికి రుద్దే, సన్నటి గరుకు ఉన్న పేస్టు) పెట్టి రుద్దిన ప్రతిసారీ అందులోంచే కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. అందుకే గీత నూటికి నూరుపాళ్లూ పోవాలని పట్టుపట్టకండి. నాలుగు అడుగుల దూరం నుంచి కంటికి ఆనకపోతే చాలు, అక్కడ ఆపేయండి. ఈ పనిలో ఎక్కువ నష్టం జరిగేది తెలియక మొదలుపెట్టడం వల్ల కాదు, బాగానే వచ్చాక ఇంకొంచెం రుద్దడం వల్ల.

బైక్‌వాడు రాసుకుంటూ పోయాడు. తలుపు మీద ఎర్ర చార పడింది. మా కారు తెలుపు. రంగు పోయినట్టేనా?

చాలావరకు కాదు. అది అవతలి బండి రంగు, మీ కారు మీద అంటుకుంది. ఏడు రోడ్ల కూడలి దగ్గరో, గంటస్తంభం సందుల్లోనో పార్కింగులో ఇలాంటివి మామూలే. మెత్తటి మైక్రోఫైబర్ బట్టకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (త్వరగా ఆరిపోయే స్పిరిట్) కొద్దిగా అద్ది తుడిచి చూడండి. కొంత ఊడొస్తుంది. మిగిలినదానికి కాంపౌండ్ పెసరగింజంత తీసుకుని వేలితో నొక్కకుండా నాలుగు వేళ్లూ పరిచి రుద్దండి. చార పోయాక అడుగున మీ కారుకు పడిన అసలు గీత ఎంతో బయటపడుతుంది. తరచు అది చాలా చిన్నది.

మాది పాత కారు. దానికి క్లియర్ కోట్ ఉంటుందా?

పాత మోడళ్లలో మెటాలిక్ కాని మామూలు రంగులకు కొన్నిటికి క్లియర్ కోట్ ఉండేది కాదు. తెల్ల బట్టకు కొద్దిగా కాంపౌండ్ పెట్టి, కనపడని మూల రుద్దండి. బట్టకు కారు రంగు అంటితే అది ఒకే పొర పెయింటు. దానికి పాలిష్ చక్కగా పడుతుంది, కాకపోతే ప్రతిసారీ రంగే తరుగుతుంది. అదే క్లియర్ కోట్ ఉన్న కారుకు బట్ట మీద రంగు వస్తే మాత్రం వెంటనే ఆపాలి. పై పొర అయిపోయిందని దానర్థం.

అరసవల్లిలో వాహన పూజ చేయించాం. బోనెట్ మీద పసుపు, కుంకుమ మరకలు పోవడం లేదు.

పసుపు గురించి భయం వద్దు. సబ్బు నీళ్లు తగలగానే అది ఎర్రబడుతుంది. చూసి కంగారుపడి బరబరా తోమేస్తారు, గీతలు పడేది అప్పుడే. అది పసుపులోని రంగు పదార్థం క్షారానికి మారే తీరు అంతే. బాగా నీళ్లు పోసి, షాంపూ నురగతో మెత్తగా తుడిచి వదిలేయండి. మిగిలిన పసుపు ఛాయ ఎండకు నాలుగైదు రోజుల్లో తనంతట తనే వెలిసిపోతుంది. కుంకుమలో కృత్రిమ రంగు కలిసి ఉంటే కాస్త మొండికేస్తుంది, దానికి పాలిష్ ఒకసారి పట్టించాలి. వచ్చేసారి బొట్టు అద్దం మీద పెట్టించండి. హారతి పళ్లెం మాత్రం బోనెట్ మీద పెట్టనివ్వకండి. కర్పూరం వేడికి క్లియర్ కోట్ కమిలితే ఆ మచ్చ పాలిష్‌కి పోదు.

పిట్ట రెట్టల మచ్చ కడిగినా పోలేదు. అది రంగు పాడైనట్టా?

రెట్టలోని ఆమ్లం, పైనుంచి మన ఎండ, రెండూ కలిసి క్లియర్ కోట్‌ను తింటాయి. ఒకరోజు ఎండలో ఉంటే చాలు, రెట్ట పడిన మేర అంచు గీసినట్టు గుంట పడుతుంది. వేలితో తడిమితే తెలియకపోతే పాలిష్‌తో తగ్గుతుంది. గరుకుగా తగిలితే కొంతవరకే తగ్గుతుంది. ఇకముందు రెట్ట కనిపిస్తే గీకకండి. తడి గుడ్డ దాని మీద పది నిమిషాలు వేసి ఉంచి, మెత్తబడ్డాక పైకి ఎత్తేయండి. ఉద్దానం వైపు కొబ్బరి చెట్ల కింద, జీడి, మామిడి తోటల్లో బండి పెట్టేవాళ్లకు జిగురు చుక్కల బెడద కూడా ఉంటుంది. వాటినీ ఇలాగే నానబెట్టి తియ్యాలి.

## సామాను కొనేటప్పుడు

మొదటిసారి చేసేవాడికి ఏమేం కావాలి?

కారు షాంపూ, శుభ్రమైన మైక్రోఫైబర్ బట్టలు ఐదారు, రబ్బింగ్ కాంపౌండ్ చిన్న డబ్బా, ఫినిషింగ్ పాలిష్, కాగితపు మాస్కింగ్ టేపు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. పెచ్చు ఊడి ఉంటే వీటికి తోడు మీ కారు రంగు టచప్ సీసా (ఊడిన చోట అద్దే చిన్న రంగు సీసా), చిన్న ప్రైమర్, చిన్న క్లియర్ లాకర్ (పైన వేసే పారదర్శక పూత), పళ్లు కుట్టుకునే పుల్లలు. అంతే. వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) మొదటి రోజే కొనకండి. ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు. టచప్ సీసా కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. అదే షెడ్డులో ఒక తలుపుకు రంగు వేయిస్తే వేలల్లో అవుతుంది.

రంగు కోడ్ ఎక్కడ ఉంటుంది? తెల్ల కారుకు కూడా కోడ్ కావాలా?

తెల్ల కారుకే ఎక్కువ కావాలి. తెలుపులో నీలం ఛాయ, పసుపు ఛాయ, ముత్యపు మెరుపు అని రకాలున్నాయి. పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియదు, పెట్టాక కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డ్రైవరు తలుపు తెరిస్తే ఎదురయ్యే స్తంభం మీద, లేదా బోనెట్ లోపల ఉన్న ప్లేటు మీద కోడ్ ఉంటుంది. మారుతిలో సుపీరియర్ వైట్‌కు 26యూ, సిల్కీ సిల్వర్‌కు జెడ్2ఎస్ లాంటి చిన్న కోడ్లు. దాన్ని ఫొటో తీసి కంపెనీ షోరూమ్ స్పేర్స్ కౌంటర్లోనో, రంగులు కలిపే ఆటో పెయింట్ల షాపులోనో చూపించండి. "స్విఫ్ట్ తెలుపు ఇవ్వండి" అని అడిగితే ఏదో ఒక తెలుపు చేతిలో పెడతారు.

కోడ్ సరిపోయింది. అయినా రంగు కలవడం లేదేంటి?

రెండు కారణాలు. ఎండలో నిలబడే కారు రంగు ఏళ్లు గడిచేకొద్దీ వెలుస్తుంది, సీసాలోది కొత్త రంగు. రెండోది, సిల్వర్, గ్రే లాంటి మెటాలిక్ రంగుల్లో సన్నటి లోహపు పలుకులు ఉంటాయి. కంపెనీలో స్ప్రే చేసినప్పుడు అవి ఒక తీరుగా పరుచుకుంటాయి, పుల్లతోనో కుంచెతోనో అద్దితే ఇంకో తీరుగా. అందుకే ఒకవైపు నుంచి నల్లగా, ఇంకోవైపు నుంచి తెల్లగా కనిపిస్తుంది. సీసాను కనీసం రెండు నిమిషాలు బాగా ఊపకపోతే పలుకులు అడుగునే ఉండిపోతాయి. ముందు ఒక అట్టముక్క మీద వేసి, పూర్తిగా ఆరాక కారు పక్కన పెట్టి చూడండి. తడి రంగును చూసి తీర్పు చెప్పకండి.

టూత్‌పేస్ట్, కొబ్బరినూనె పనిచేస్తాయంటున్నారు. నిజమేనా?

కొబ్బరినూనె గీతలోకి దిగి దాన్ని కనపడకుండా చేస్తుంది. ఒక్క వాటర్ వాష్‌తో నూనె పోతుంది, గీత తిరిగొస్తుంది. ఈలోగా దానికి దుమ్ము పడుతుంది. టూత్‌పేస్ట్‌లో పళ్లు తోమడానికి వేసిన పొడి ఉంటుంది కాబట్టి మరీ సన్నటి గీతలు కొంచెం తగ్గుతాయి, కానీ ఆ పొడి ఎంత గరుకో మన చేతిలో లేదు. కారుకని తయారైన కాంపౌండ్ దొరుకుతుండగా ఇది ఎందుకు? గిన్నెలు తోమే పచ్చ పీచు, పీతాంబరి పొడి మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు.

## పైపై గీతలు రుద్దేటప్పుడు

కాంపౌండ్ చేత్తో రుద్దే పద్ధతి వివరంగా చెప్పండి.

బండి నీడలో పెట్టి, రేకు చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. వేడి రేకు మీద కాంపౌండ్ వెంటనే ఎండి బంకలా పట్టుకుంటుంది. ఆ చోటు షాంపూతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఒక్క ఇసుక రేణువు మిగిలినా అదే కొత్త గీతలు గీస్తుంది. గీత చుట్టూ జానెడు మేర వదిలి మాస్కింగ్ టేపు వెయ్యండి. తలుపు మీద ఉండే మడత గీతలకు, అంచులకు, నల్ల ప్లాస్టిక్‌కు తప్పకుండా టేపు పడాలి. మడతల మీద క్లియర్ కోట్ పల్చగా ఉంటుంది, ముందు పోయేది అక్కడే. నల్ల ప్లాస్టిక్‌కు కాంపౌండ్ అంటితే తెల్ల మరక ఉండిపోతుంది.

మైక్రోఫైబర్ బట్టను నాలుగు మడతలు పెట్టి, కాంపౌండ్ కొద్దిగా తీసుకుని, ముందు ఆ మేరంతా పలచగా రాయండి. తర్వాత గీత వెంట కాకుండా గీతకు అడ్డంగా, ఓ మోస్తరు ఒత్తిడితో, ముందుకీ వెనక్కీ ఇరవై ముప్పై సార్లు రుద్దండి. కాంపౌండ్ పల్చబడి దాదాపు పారదర్శకంగా అవుతుంది. అప్పుడు శుభ్రమైన వేరే బట్టతో తుడిచి, ఆల్కహాల్ అద్దిన గుడ్డతో ఇంకోసారి తుడవండి. ఈ రెండో తుడుపు చాలామంది వదిలేస్తారు. కాంపౌండ్‌లోని నూనెలు గీతను కప్పేసి పోయినట్టు చూపిస్తాయి, అది తీసేస్తేనే నిజం తెలుస్తుంది. ఇంకా కనిపిస్తే మరోసారి చెయ్యండి. రెండు మూడు విడతలకు మించి వద్దు. చివర్లో ఫినిషింగ్ పాలిష్ ఇదే పద్ధతిలో, తక్కువ ఒత్తిడితో.

రుద్దాక గీత పోయింది కానీ ఆ చోటు మసగ్గా ఉంది. పాడుచేశానా?

టెన్షన్ పడకండి. కాంపౌండ్ వదిలిన సన్నటి రాపిడి అది, నల్ల కార్ల మీద ఇంకా బాగా కనిపిస్తుంది. ఫినిషింగ్ పాలిష్ పట్టిస్తే మెరుపు తిరిగొస్తుంది. పాలిష్ పట్టించాక కూడా మసక అలాగే ఉండి, బట్టకు కారు రంగు అంటుతుంటే క్లియర్ కోట్ అయిపోయింది. అప్పుడు ఇంట్లో చేసేదేమీ లేదు, ఆ ప్యానెల్‌కు రంగు వేయించాలి.

వాటర్ పేపర్‌తో గీత తీసేయొచ్చా? యూట్యూబ్‌లో చాలా తేలిగ్గా చేస్తున్నారు.

వాళ్లు పెయింట్ మందం కొలిచే మీటరు పెట్టుకుని చేస్తారు. కొత్తవాళ్లు పైపై గీతలకు వాటర్ పేపర్ జోలికి వెళ్లొద్దనే నా గట్టి అభిప్రాయం. టచప్ చుక్క ఎత్తుగా నిలిచిపోతే దాన్ని చదును చెయ్యడానికి మాత్రం 2500 లేదా 3000 నంబరు పేపరు, చిటికెన వేలి గోరంత ముక్క, పెన్సిలు వెనకున్న రబ్బరుకు చుట్టి, సబ్బు నీళ్లతో ఆ చుక్క వరకే వాడొచ్చు. షెడ్లలో పుట్టీకి వాడే 220, 400 నంబర్లు పూర్తిగా వేరే పనివి.

పాలిషింగ్ మెషిన్ కొనాలా?

ఒకటి రెండు గీతలకు అక్కర్లేదు. కొంటే డ్యూయల్ యాక్షన్ రకం (తిరుగుతూనే అటూ ఇటూ ఊగేది) కొనండి. డ్రిల్లుకు స్పాంజి తగిలించి తిప్పడం, ఒకేచోట గిర్రున తిరిగే చవక రోటరీ మెషిన్ వాడడం కొత్తవాళ్లకు మంచిది కాదు. ఒకేచోట కొన్ని సెకన్లు నిలిస్తే రంగు కాలిపోతుంది.

## రంగు ఊడిన చోట

హైవే మీద రాయి తగిలి బోనెట్ మీద చుక్కలా పెచ్చు ఊడింది. ఎలా పూడ్చాలి?

టెక్కలి వైపు గ్రానైట్ లారీల వెనక, క్రషర్ల దగ్గర, పదహారో నంబరు జాతీయ రహదారి మీద కంకర చిమ్మడం మనకు కొత్త కాదు. ఎక్కువ దెబ్బలు బోనెట్ ముందు అంచుకూ, అద్దం పైనున్న రూఫ్ అంచుకూ పడతాయి. రూఫ్ అంచు ఎవరూ చూడరు, తుప్పు మొదలయ్యేది అక్కడే.

పూడ్చే పని ఓపికది. పెచ్చు అంచుల్లో లేచి ఉన్న రంగు ఉంటే పుల్లతో మెల్లగా తీసేయండి, లేకపోతే దాని కిందికి నీరు చేరుతుంది. ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. రేకు కనిపిస్తుంటే ముందు ప్రైమర్. సీసాతో వచ్చే కుంచె ఈ పనికి చాలా లావు. పళ్లు కుట్టుకునే పుల్ల మొన ముంచి, మొన చివర వేలాడే చిన్న బొట్టును గుంట మధ్యలో తాకించండి. మీరు పూయక్కర్లేదు, బొట్టు తనే అంచుల దాకా పాకుతుంది. అంచు దాటేంత పెద్ద బొట్టు తియ్యకండి. అరగంట ఆగితే రంగు ఆరుతూ కుంగుతుంది, గుంట మళ్లీ కనిపిస్తుంది. ఇప్పుడు అసలు రంగు బొట్టు. మళ్లీ అరగంట. ఇలా రెండు మూడు విడతలు వేశాక చుట్టూ ఉన్న రంగు కంటే కొంచెం తక్కువ ఎత్తులో ఆపి, పైన క్లియర్ బొట్టు వెయ్యండి. క్లియర్ కొంచెం పైకి ఉబ్బినట్టు ఉన్నా మంచిదే, అదీ ఆరుతూ కుంగుతుంది. ఒకేసారి నింపేద్దామని పెద్ద బొట్టు వేస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

దగ్గరికెళ్లి చూస్తే ఆ చోటు తెలుస్తుంది. తెలియనివ్వండి. రేకుకు గాలి, నీరు తగలకుండా చేశారు, ముఖ్యమైన పని అదే.

పెచ్చు ఊడి చాలా రోజులైంది. గోధుమరంగు చుక్క కనిపిస్తోంది. దాని మీదే టచప్ వేసేయొచ్చా?

వెయ్యకండి. తుప్పు మీద రంగు వేస్తే అది కింద నుంచి పాకుతూనే ఉంటుంది. 600 నంబరు పేపరును సన్నగా చుట్టి, ఆ చుక్క వరకే గీరి మెరిసే రేకు కనిపించేలా చెయ్యండి. మూలల్లో నల్ల చుక్కలు మిగిలితే రస్ట్ కన్వర్టర్ అనే ద్రవం పుల్లతో అద్దండి, అది తుప్పును నల్లటి గట్టి పొరగా మారుస్తుంది. డబ్బా మీద రాసినంతసేపు ఆగి ప్రైమర్, రంగు, క్లియర్ వెయ్యండి. గీరిన చోటును ఆ పూటే మూసేయాలి. కళింగపట్నం, భావనపాడు, బారువ, చింతపల్లి లాంటి తీర గ్రామాల్లో గాలిలో ఉప్పు ఉంటుంది, రాత్రంతా తెరిచి వదిలిన రేకు తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడొచ్చు. రంగు బొబ్బలా ఉబ్బి ఉంటే తుప్పు బయట కనిపించే దానికన్నా చాలా దూరం పాకింది, అది షెడ్డు పని.

బంపర్ మూల గోడకు రాసుకుంది. నల్లగా కనిపిస్తోంది. అది రేకేనా?

బంపర్ ప్లాస్టిక్. తుప్పు పట్టదు కాబట్టి తొందరేం లేదు. ముందు గోడ సున్నం, సిమెంటు మరకను కాంపౌండ్‌తో తీసి చూడండి, సగం దెబ్బ అదే అయి ఉంటుంది. ప్లాస్టిక్ బయటపడిన చోట మామూలు ప్రైమర్ పట్టుకోదు, ప్లాస్టిక్ ప్రైమర్ అని అడిగి తీసుకోండి. అరచేయంత మేర పోతే టచప్ సీసాతో ఎంత కష్టపడినా అతుకులా కనిపిస్తుంది. చాలామంది బంపర్‌ను అలా వదిలేసి, రెండు మూడు దెబ్బలు పడ్డాక ఒకేసారి రంగు వేయిస్తారు. అది తెలివైన పనే.

వానాకాలంలో టచప్ వెయ్యొచ్చా? వేసిన క్లియర్ తెల్లగా మారిపోయింది.

గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు లాకర్ ఆరుతుంటే పై పొరలో తేమ చేరి పాలిపోయిన తెల్లదనం వస్తుంది. మన జిల్లాల్లో జూన్ నుంచి నవంబరు దాకా ఈ ఇబ్బంది ఉంటుంది, అక్టోబరులో తుపాన్లు సరేసరి. సంక్రాంతి వెళ్లాక ఉగాది లోపు రోజులు ఈ పనికి చాలా మంచివి. చలికాలంలో కూడా పొద్దున్నే వద్దు, రేకు మీద మంచు తడి ఉంటుంది. తొమ్మిది, పది గంటల మధ్య నీడలో చేసుకోండి. రేకు బయటపడిన పెచ్చు వానాకాలంలోనే ఎదురైతే ఆగక్కర్లేదు. వాన తెరిపి ఇచ్చిన పూట హెయిర్ డ్రయ్యర్‌తో ఆ చోటు ఆరబెట్టి కనీసం ప్రైమర్, రంగు వేసి మూసేయండి. అందం సంగతి జనవరిలో చూసుకోవచ్చు.

రంగు బొట్టు అంచు దాటి పెద్ద మచ్చలా అయింది. ఇప్పుడేం చెయ్యాలి?

తడిగా ఉండగానే అయితే పొడి బట్టతో తుడిచేసి, ఆల్కహాల్ అద్ది శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టండి. ఆరిపోయి ఉంటే తొందరపడి గీకకండి. వారం ఆగి గట్టిపడ్డాక సన్న పేపరుతో ఆ ఎత్తు వరకే తగ్గించి పాలిష్ చెయ్యొచ్చు. థిన్నర్ పోసి తుడవడం ప్రమాదం. షెడ్డులో ఇదివరకే రంగు వేయించిన ప్యానెల్ అయితే పాత రంగు కూడా దాంతోపాటే ఊడొస్తుంది.

స్ప్రే డబ్బాతో చేస్తే ఇంకా నున్నగా వస్తుంది కదా?

గింజంత పెచ్చుకు స్ప్రే కొడితే జానెడు మేర కొత్త రంగు పడుతుంది, దాని అంచులు కలపడమే అసలు కష్టం. పైగా గాలికి తుంపర పక్క బండి మీద వాలుతుంది. టూకే (2K) రకం, అంటే గట్టిపరిచే మందు కలిసిన క్లియర్ స్ప్రేల్లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకు చేసే హాని చిన్నది కాదు. మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపదు. మూసి ఉన్న షెడ్డులో, పిల్లలున్న ఇంట్లో వాటిని అసలు వాడకండి.

## షెడ్డు, ఇన్సూరెన్స్

ఇంట్లో చెయ్యకుండా షెడ్డుకు ఎప్పుడు తీసుకెళ్లాలి?

గీతతోపాటు సొట్ట ఉన్నా, రంగు అరచేయంత మేర పోయినా, రంగు బొబ్బ కట్టినా, క్లియర్ కోట్ పొరలుగా లేస్తున్నా షెడ్డే. ఇచ్చే ముందు మూడు విషయాలు అడగండి. తలుపు రబ్బరు బీడింగులు, హ్యాండిల్ తీసి రంగు వేస్తారా, లేక టేపు వేసి చుట్టూ కొట్టేస్తారా? రంగు కారు కోడ్‌తో కలుపుతారా, కంటి అంచనాతోనా? దుమ్ము పడకుండా మూసిన గదిలో స్ప్రే చేస్తారా, రోడ్డు పక్కనా? బీడింగ్ తియ్యకుండా కొట్టిన రంగు ఆ అంచు నుంచే లేస్తుంది.

చిన్న గీతకు ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసుకోవడం లాభమేనా?

తరచు కాదు. 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిమ్‌లో 1,000 రూపాయలు, ఆపైన ఇంజిన్ ఉంటే 2,000 తప్పనిసరిగా మీరే భరించాలి. జీరో డిప్రిసియేషన్ (వాడకం తరుగు కొయ్యకుండా ఇచ్చే అదనపు కవర్) లేని పాలసీలో పెయింటు సామగ్రి ఖర్చులో సగం కోస్తారు. అన్నిటికన్నా పెద్ద నష్టం నో క్లెయిమ్ బోనస్. ఒక్క ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతం దాకా పెరిగే ఆ తగ్గింపు, ఒక్క క్లెయిమ్‌తో మామూలుగా సున్నాకు పడిపోతుంది. మీ ప్రీమియం కాగితం ముందు పెట్టుకుని, షెడ్డువాడు చెప్పిన ఖర్చుతో పోల్చి చూడండి. ఒక వైపంతా గీసుకుపోయి మూడు నాలుగు ప్యానెళ్లు దెబ్బతింటే లెక్క మారొచ్చు.

సెరామిక్ కోటింగ్ వేయిస్తే గీతలు పోతాయా?

పోవు. అది రంగు మీద వేసే పల్చటి రక్షణ పూత. కోటింగ్ వేసే ముందు వాళ్లు పాలిష్ చేస్తారు, పోయేది దానితో. కోటింగ్ వల్ల నీళ్లు జారిపోతాయి, కడగడం తేలికవుతుంది. రాయి దెబ్బను, బైక్ హ్యాండిల్‌ను అది ఆపదు.

## పని అయ్యాక

కొత్త గీతలు పడకుండా రోజూ ఎలా తుడవాలి?

పొడి గుడ్డతో పొద్దున్నే దుమ్ము దులిపే అలవాటు మానండి. ఎండ పడినప్పుడు కనిపించే గుండ్రటి సన్నగీతల్లో ఎక్కువ భాగం ఆ గుడ్డ పుణ్యమే. దుమ్ముంటే ముందు నీళ్లు పోసి జారనివ్వండి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో షాంపూ, రెండోదాంట్లో బట్ట జాడించడానికి మంచినీళ్లు. పై నుంచి కిందికి కడగండి, టైర్ల బట్ట వేరు. బోరు నీళ్లు ఎండలో ఆరితే తెల్ల మచ్చలు కడతాయి, కాబట్టి వెంటనే తుడవాలి. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పటిలా గాలివాన తర్వాత బండి నిండా ఇసుక, ఆకులు పేరుకుంటే గుడ్డ ముట్టకుండా పైపుతో ఎంత నీరు పోస్తే అంత మంచిది. విజయనగరంలో సిరిమానోత్సవం రోజు, అంటే దసరా తర్వాతి మంగళవారం, మూడు లాంతర్ల వైపు బండి పెట్టకపోవడం కూడా ఒక జాగ్రత్తే. అంత జనంలో ఎవరి బొత్తాం తగిలిందో ఎవరు చెప్పగలరు?

పెళ్లికి కారు డెకరేషన్‌కి ఇచ్చాం. టేపు జిగురు, రిబ్బను గీతలు మిగిలాయి.

జిగురు మీద వంటనూనె రాసి పావుగంట ఉంచండి, మెత్తబడి వేలికి ఉండలా వచ్చేస్తుంది. తర్వాత షాంపూతో నూనె పోయేలా కడగండి. బ్లేడుతో గీకొద్దు. రిబ్బను కింద ఇసుక చేరి కారు నడుస్తుంటే రాపిడి గీతలు పడతాయి, అవి పైపైవే, ఫినిషింగ్ పాలిష్‌కు తగ్గుతాయి. ఇంకోసారి ఇచ్చేటప్పుడు సెలోటేపు బదులు కాగితపు మాస్కింగ్ టేపు వాడమని, అదే రాత్రి విప్పేయమని చెప్పండి.

టచప్ వేశాక ఎన్ని రోజులకు కడగొచ్చు? వ్యాక్స్ ఎప్పుడు?

ముట్టుకుంటే గంటలో ఆరినట్టే ఉంటుంది కానీ లోపల గట్టిపడడానికి రోజులు పడుతుంది. రెండు రోజులు నీళ్లు తగలనివ్వకండి, వారం దాకా ఆ చోటు రుద్దకండి. వ్యాక్స్, సీలెంట్ లాంటివి నెల ఆగాకే, లోపలి ద్రావకాలు బయటికి పోవాలి. వాటర్ వాష్‌కు ఇచ్చినప్పుడు టచప్ ఎక్కడుందో కుర్రాడికి చూపించి, ప్రెషర్ గన్ మూతి అక్కడికి మూడు అడుగుల దూరంలో ఉంచమనండి. దగ్గర నుంచి అంచుకు తగిలేలా కొడితే బాగా ఆరిన బొట్టు కూడా పెచ్చుగా లేచిపోతుంది.